ఆసుపత్రిలో ఆరిన బీడీ ఇంట్లో వెలగకుండా



సంఘములో ఎవరైనా ఆసుపత్రిలో చేరారని తెలిస్తే మనము పండ్లు తీసుకొని వెళ్తాము, మంచము ప్రక్కన నిలిచి ప్రార్థన చేస్తాము, ధైర్యము చెప్పి తిరిగి వస్తాము. ఇది మంచిదే. అయితే ఆ మంచము మీదనున్న వ్యక్తికి బీడీ, చుట్ట, సిగరెట్టు అలవాటు ఉంటే, మనము చేయగల సహాయము మరొకటి ఉన్నది. ఈ నెల దానిని గూర్చి ఆలోచించుదము.

ఆసుపత్రిలోనే ఎందుకు?

ఇంటి దగ్గర తిరుగుతున్నంత కాలము పొగ త్రాగేవాడు "నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను" అంటాడు. మంచము పట్టిన రోజున ఆ మాట అనలేడు. పైగా 2003 నాటి చట్టము, 2008 అక్టోబరు 2 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము ఆసుపత్రిలో పొగ త్రాగకూడదు. అంటే ఆయన నిర్ణయించుకోకముందే మానుట మొదలైనది. దానిని నిలబెట్టుటే మిగిలిన పని.

ఇక్కడ కుటుంబము ఒక సంగతి తెలిసికొనవలెను. పొగాకులోని నికోటిన్ ఆగిపోగానే మొదటి రోజు నుండే విసుగు, కోపము, నిద్రలేమి, ఆకలి, ఎటూ తోచకపోవుట కలుగుతాయి. రెండు మూడు రోజులకు ఇవి ఎక్కువై, మూడు నాలుగు వారములలో చాలవరకు తగ్గుతాయి. ఇది తెలియక భార్య "రోగముతో మనిషే మారిపోయాడు" అని ఏడుస్తుంది. బావమరిది జాలిపడి "పాపం, ఒక్కటే కదా" అని బీడీ అందిస్తాడు. ఆ ఒక్కటే మూడు రోజుల శ్రమను వ్యర్థము చేయగలదు. ప్రక్కన ఆక్సిజన్ పెట్టి ఉంటే అగ్ని ప్రమాదము కూడ కలుగవచ్చును.

ఏ వార్డులో ఏ లాభము?

"నలభై ఏళ్ల అలవాటు అయ్యగారూ, ఇప్పుడు మానితే ఏం లాభం?" అని పెద్దవారు మమ్మును తరచుగా అడుగుతారు. లాభమున్నది. చివరి బీడీ ఆరిన 20 నిమిషములకే గుండె వేగము తగ్గనారంభించును. గుండెపోటు వచ్చినవారు పొగ మానితే, మాననివారితో పోల్చినప్పుడు మరణ ప్రమాదము సుమారు మూడవ వంతు తగ్గునని 2003లో ప్రచురించబడిన పరిశీలన తెలిపినది. ఆపరేషను గాయము, విరిగిన ఎముక పొగ త్రాగేవారికి ఆలస్యముగా మానుతాయి. క్షయ రోగి మందులు మింగుతూ బీడీ కాల్చితే ఆ మందుల పని కష్టమగును. కాలివ్రేళ్లు నల్లబడే బర్జర్ వ్యాధి యౌవనస్థులైన పొగ త్రాగేవారిలోనే ఎక్కువ. పొగాకును పూర్తిగా మానుటే కాలును కాపాడుకొనుటకు ముఖ్య మార్గము.

ఇది పురుషుల సమస్య మాత్రమే కాదు. శ్రీకాకుళము, విశాఖపట్నము తీర ప్రాంతములలో నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకొని చుట్ట కాల్చే స్త్రీలు ఉన్నారు. ఆ వేడి, ఆ పొగ అంగిలిని కాల్చి క్యాన్సరుకు దారి తీస్తాయి. వారిని అడిగేవారు తక్కువ.

ఎట్లు మాట్లాడవలెను?

మన గ్రామ సంఘములలో ఒక చిక్కున్నది. పాస్టరు వస్తున్నాడంటే బీడీ కట్ట దిండు క్రిందికి పోతుంది. మనము గద్దించితే రోగి "మానేశాను అయ్యగారూ" అంటాడు. ఆ మాటతో మన మనస్సు కుదుటపడుతుంది గాని, ఆయనకు అందవలసిన సహాయము ఆగిపోతుంది. గనుక గద్దింపు ఇంటిదగ్గరే విడిచి వెళ్లవలెను.

మూడు ప్రశ్నలు చాలును. "రోజుకు ఎన్ని కాలుస్తావు? లేచిన ఎంతసేపటికి మొదటిది ముట్టిస్తావు?" లేచిన అరగంటలోపే అయితే అలవాటు బలముగా పట్టుకొన్నదని అర్థము. "ఇదివరకు ఎప్పుడైనా మానావా? ఏ సందర్భములో మళ్లీ మొదలైంది?" చివరిగా, "ఇప్పుడు మానదలచుకొన్నావా?" జవాబు వినవలెను, మధ్యలో ఆపకూడదు.

బలమైన అలవాటైతే డాక్టరుగారితో నిజము చెప్పునట్లు ప్రోత్సహించవలెను. నికోటిన్ బిళ్లలు, ఇతర మందులు ఉన్నవి. ఎవరికి ఏది తగునో వారే చెప్పుదురు. నమిలే బిళ్లను పిప్పరమెంటులాగ గబగబ నమలకూడదు. కొంచెము నమిలి, చెంప ప్రక్కన నిలుపుకొనవలెను. అనేక జిల్లా ఆసుపత్రులలో పొగాకు మాన్పించే కేంద్రములున్నవి. 1800-11-2356 అను నంబరుకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును.

ఇంటికి వచ్చిన తరువాత

అసలు పరీక్ష ఇక్కడే. ఆసుపత్రిలో చెప్పిన మాట అక్కడే ఆగిపోతే ఫలము తక్కువనియు, ఇంటికి వచ్చిన తరువాత కనీసము ఒక నెల వెంబడిస్తేనే ఎక్కువమంది నిలబడుదురనియు వైద్య పరిశోధనలు చూపించినవి. మంచి సమరయుని కథ మనకు తెలిసినదే. అతడు గాయపడినవానిని సత్రములో దింపి చేతులు దులుపుకొనలేదు, తిరిగి వస్తానని చెప్పి వెళ్లాడు.

రోగి రాకముందే ఇంటిలోని బీడీ కట్టలు, చుట్టలు తీసివేయవలెను. కుమారులకు అలవాటుంటే తండ్రి ఎదుట కాల్చకూడదు. మాట మీద కంటె ఇది ఎక్కువగా పనిచేయును. టీ త్రాగిన తరువాత, అన్నము తిన్న తరువాత, రచ్చబండ దగ్గర కోరిక లేచును. అది సాధారణముగా కొన్ని నిమిషములే ఉండును. ఆ సమయములో మంచినీళ్లు, సోంపు, నాలుగడుగుల నడక, లేక మనుమరాలితో మాటలు సహాయపడును. బీడీకి బదులు ఖైనీ, గుట్కా పట్టుట మానుట కాదు, అదే పొగాకు.

ఎప్పుడైనా జారి ఒకటి కాల్చితే, "అంతా పోయింది" అనవద్దు. ఏ వేళ, ఎవరితో ఉండగా జరిగినదో అడిగి, మరుసటి రోజు మళ్లీ మొదలు పెట్టించవలెను. అనేకులు ఒకటికి మించిన ప్రయత్నములతోనే మానగలిగారు.

మీ సంఘములో ఇటీవల ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చినవారు ఉన్నారేమో చూడండి. ఈ ఆదివారము ఆరాధన తరువాత ఇద్దరు కలిసి వారింటికి వెళ్లండి. కూర్చొని టీ త్రాగండి. "ఈ వారం ఎట్లా గడిచింది, అన్నా?" అని అడగండి. వచ్చే ఆదివారము కూడ వెళ్లండి.