గీతలు చూసి కోట్లు గడించవచ్చా?

చార్టుల విద్యపై పల్లెల్లో పెరుగుతున్న మోజు

పంట డబ్బు చేతికి రాగానే పొలం కొందామా, బంగారం కొందామా అని ఆలోచించే రోజులు మారుతున్నాయి. చదువుకున్న కుర్రవాళ్లు సెల్‌ఫోనులోనే షేర్ల బేరాలు చేస్తున్నారు. రచ్చబండ మీద కూడా ఎరుపు, ఆకుపచ్చ గీతల ముచ్చటే వినిపిస్తోంది. ఈ గీతలు చదవడం వస్తే కోటీశ్వరులు కావచ్చని చెప్పేవారు, అది నేర్పుతామని వేల రూపాయల ఫీజు పుచ్చుకునేవారు బయలుదేరారు. ఇందులో నిజమెంత?

ఏమిటీ విద్య?

దీనిని టెక్నికల్ ఎనాలిసిస్ అంటారు. కంపెనీ ఏం తయారు చేస్తోంది, లాభమెంత, అప్పెంత అన్నవి ఇందులో చూడరు. గడచిన రోజుల ధరలను, చేతులు మారిన షేర్ల సంఖ్యను గీతలుగా గీసి, రేపటి ధర ఎటు పోతుందో అంచనా కడతారు.

ఇది మన రైతులకు బొత్తిగా కొత్త కాదు. గుంటూరు యార్డులో మిర్చి ధర నాలుగు రోజులు వరుసగా పెరిగితే, ఇంకా పెరుగుతుందని టిక్కీలను కోల్డ్ స్టోరేజికి తరలించే రైతు చేసేది ఒక రకంగా ఇదే. ఆ అంచనా ఎంతగా తప్పగలదో కూడా మిర్చి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికిన మిర్చికి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం ధర ప్రకటించవలసి వచ్చింది. నిరుటి ధర ఎంతో గీత చెబుతుంది. గిడ్డంగుల్లో పాత సరుకు ఎంత ఉందో, విదేశాల గిరాకీ ఎలా ఉందో అది చెప్పదు.

బియ్యం వ్యాపారం నుంచి పుట్టింది

ఫోనుల్లో కనిపించే కొవ్వొత్తి ఆకారపు గీతలు జపాను బియ్యం బజారు నుంచి వచ్చాయని చెబుతారు. ఒసాకా నగరంలోని దోజిమాలో 1730లోనే బియ్యం ఎక్స్ఛేంజీకి ప్రభుత్వ గుర్తింపు లభించింది. 18వ శతాబ్దంలో సకాటా పట్టణానికి చెందిన హోమ్మా మునెహిసా అనే వర్తకుడు ధరల పోకడ కనిపెట్టి అపార ధనం గడించాడని ప్రతీతి. అయితే ఆయనది భూస్వాముల కుటుంబం. చేతిలో సరుకు ఉంది, పంటల సంగతి తెలుసు. గీత ఒక్కటే ఆయనకు ఆధారం కాదు.

గెలిచినవారు లేరా?

ఉన్నారు. అమెరికాలో జెస్సీ లివర్‌మోర్ అనే ఆయన కుర్రతనంలో బోర్డు మీద షేర్ల ధరలు రాసే పనిలో చేరి, ధరల నడకను కంఠతా పట్టాడు. 1929లో మార్కెట్ కుప్పకూలినప్పుడు ధర పడుతుందని ముందే పందెం కట్టి సుమారు 10 కోట్ల డాలర్లు సంపాదించాడని చెబుతారు. అదే మనిషి 1934లో దివాలా తీశాడు. 1940లో ఆత్మహత్య చేసుకున్నాడు. ధర పోకడ పట్టుకోవడం ఒక ఎత్తు, వచ్చిన డబ్బు నిలుపుకోవడం మరొక ఎత్తు.

నిలిచి గెలిచినవాడు జిమ్ సైమన్స్. ఈయన గణితాచార్యుడు. ఆయన సంస్థ 1988లో ప్రారంభించిన మెడాలియన్ ఫండు 2018 వరకు ఖర్చులు, రుసుములు తీయకముందు ఏడాదికి సగటున నూటికి 66 వంతున లాభం తెచ్చిందని లెక్క. ధరల లెక్కలతో ఇంతటి విజయం మరొకటి కనిపించదు. అయితే అది ఫోనులో గీత చూసి నొక్కిన బేరం కాదు. గణిత, భౌతిక శాస్త్రవేత్తలు పెద్ద కంప్యూటర్ల సాయంతో వేలాది చిన్న చిన్న బేరాలు నడిపారు.

అంతకన్నా గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఆ ఫండు 1993లోనే కొత్తవారిని చేర్చుకోవడం మానేసింది. తర్వాత బయటివారి సొమ్ము తిరిగి ఇచ్చివేసి, సొంత మనుషులకే పరిమితమైంది. పెట్టుబడిని సుమారు వెయ్యి కోట్ల డాలర్ల దగ్గర ఆపి, ఆపైన వచ్చిన లాభాన్ని పంచివేస్తూ వచ్చింది. కారణం తేలికే. యార్డులో ఒక వ్యాపారి 50 టిక్కీలు కొంటే ఎవరూ పట్టించుకోరు. సగం యార్డు కొనడానికి నిలబడితే మధ్యాహ్నానికే ధర ఎగబాకుతుంది. సొమ్ము పెరిగేకొద్దీ తన బేరమే తనకు ఎదురు తిరుగుతుంది. పెద్ద ఎత్తున ఈ విద్య సాగకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

వారెన్ బఫెట్ కూడా కుర్రతనంలో చార్టులు గీసి చూసినవాడే. 19వ ఏట బెంజమిన్ గ్రాహం పుస్తకం చదివాక ఆ దారి వదిలి, మంచి వ్యాపారాలను సరసమైన ధరకు కొని ఏళ్ల తరబడి అట్టిపెట్టుకునే దారి పట్టాడు.

మన దేశంలో లెక్కలు

చార్టుల పాఠాలు మన కుర్రవాళ్లను ఎక్కువగా లాగేది ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరాలకే. మామిడి తోటను పిందె మీద బేరమాడి బయానా ఇచ్చినట్టు, గడువు పెట్టి కట్టే ఒప్పందాలివి. అనుకున్న ధర రాకపోతే ఆప్షను కొన్నవాడికి బయానా పోతుంది, అమ్మినవాడి నష్టానికి హద్దు ఉండదు.

2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈ బేరాలు చేసిన కోటి మందికి పైగా వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించింది. తలకు సగటు నష్టం సుమారు 2 లక్షల రూపాయలు. మొత్తం నష్టం లక్షా 80 వేల కోట్ల పైమాటే. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవారు నూటికి ఒక్కరే. 2024-25లో కూడా నూటికి 91 మంది నష్టపోయారు. 2023-24లో ఈ బేరాలు చేసినవారిలో నూటికి 75 మందికి పైగా ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం చూపినవారే. వీరంతా చార్టులు చూసే పోగొట్టుకున్నారని చెప్పలేము. అయితే చార్టులు వీరిని కాపాడలేదన్నది మాత్రం స్పష్టం. ఎదుటి పక్షాన లాభపడినవి ఎక్కువగా కంప్యూటర్లతో బేరమాడే పెద్ద సంస్థలే.

ఏం చేయాలి?

చార్టు బొత్తిగా పనికిరానిదని కాదు. ఎక్కడ నష్టానికి హద్దు పెట్టుకోవాలో తెలుసుకోవడానికి అది ఉపకరిస్తుంది. అంతేగాని అది జాతకం కాదు. పంట రుణం, పిల్ల పెళ్లికి దాచిన సొమ్ము, వడ్డీకి తెచ్చిన డబ్బు ఈ బేరాల్లో పెట్టరాదు. సలహా ఇచ్చేవారికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. పాఠాలు మాత్రమే చెప్పేవారు గత మూడు నెలల ధరలను వాడరాదని సెబీ 2025 జనవరిలో ఆదేశించింది. "రేపు ఇది కొనండి" అనే మాస్టారు కనిపిస్తే జాగ్రత్తపడాలి. అనుమానం ఉంటే సెబీ ఉచిత ఫోను 1800 22 7575కు అడగవచ్చు. లక్షలు తెచ్చే గీత నిజంగా చేతిలో ఉన్నవాడు దానిని అయిదు వేల ఫీజుకు ఊరందరికీ ఎందుకు నేర్పుతాడన్న ప్రశ్న ముందుగా వేసుకోవడం మంచిది.