పతకాలూ, పెంకులూ

మొలకాల్మూరు పట్టుచీరలు మన ఇళ్ళ ఆడపడుచులకు తెలిసినవే. చిత్రదుర్గం జిల్లాలోని ఆ తాలూకాలోనే అశోకుని శాసనమున్న బ్రహ్మగిరి ఉన్నది. 1947లో ఆ కొండ పాదాన త్రవ్వకాలు జరిపించిన మార్టిమర్ వీలర్ పేరు చివర రెండు సైనిక గౌరవాలుండేవి. ఒకటి మిలిటరీ క్రాస్, రెండవది టెరిటోరియల్ డెకరేషన్.

వీలర్ 1890లో గ్లాస్గోలో పుట్టారు. లండనులో గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చదివి, రోమను కుండపెంకులపై పరిశోధనకు పూనుకున్నారు. ఇంతలో 1914 యుద్ధం వచ్చింది. పుస్తకాలు మూసి ఫిరంగిదళంలో చేరారు.

1918 ఆగస్టు 24న ఫ్రాన్సులో, కాపలా వరుసకు మూడువందల గజాల లోపున, గుర్రాలు లేక నిలిచిపోయిన రెండు జర్మను ఫిరంగులు ఆయన కంటబడినవి. వెనుకకు వచ్చి, ఆరేసి గుర్రాల జట్లు రెండు తీసుకొనిపోయి, గుండ్లవాన కురుస్తూండగా ఆ రెంటినీ లాక్కొని వచ్చి శత్రువులమీదికే త్రిప్పారు. మిలిటరీ క్రాస్ అందుకు లభించినదే. తెల్ల పట్టీ నడుమ ఊదా చార, దాని క్రింద వెండి శిలువ.

రెండవది సాహసానికి ఇచ్చేది కాదు. తమ వృత్తులు చేసుకుంటూనే స్వచ్ఛంద సైన్యంలో ఏండ్ల తరబడి పనిచేసిన అధికారులకు ఇచ్చేది. ఒకటి ఒక్క పూటలో వచ్చినది, మరొకటి ఓర్పుకు వచ్చినది. 1939లో, నలభైతొమ్మిదవ ఏట, ఆయన లండను సమీపాన ఎన్‌ఫీల్డులో విమాన విధ్వంసక ఫిరంగిదళాన్ని స్వయంగా కూర్చి, ఎల్ అలమేన్ వరకు నడిపించారు.

అయితే ఆ పతకాల వెనుక ఒక దుఃఖం ఉన్నది. 1913లో రాక్సెటర్ త్రవ్వకాలలో తనతో పనిచేసిన విద్యార్థులతో కలిపి తాము ఐదుగురమనీ, యుద్ధం ముగిసేసరికి తానొక్కడే మిగిలాననీ ఆయన వ్రాసుకున్నారు. ఒక తరం విద్వాంసులు మట్టిలో కలిసిపోయినారు. క్రొత్తవారిని తయారుచేయడానికి ఆయన పడిన తొందరకు ఇదొక కారణమని తోస్తుంది.

1944లో ఆయన భారత పురావస్తుశాఖకు అధిపతిగా వచ్చారు. మాట కరుకు, నడవడి సైనికునిదే. కాని ఆ ఏడే తక్షశిలలో శిక్షణాలయం తెరిచి, మన యువకులకు మట్టి పొరలను చదవడం నేర్పారు. అక్కడ నేర్చిన బి.బి. లాల్ 1948లో భువనేశ్వరం చెంతనున్న శిశుపాలగడను త్రవ్వించారు.

1944లోనే మద్రాసు మ్యూజియములో, పాండిచ్చేరి దగ్గర దొరికిన ఒక రోమను మద్యపు జాడీ ముక్క ఆయన చేతికి తగిలింది. ఆ జాడ పట్టుకొని 1945లో అరికమేడు త్రవ్వించారు. అప్పటికి అది, మన యానాంవలెనే, ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నది. ఇటలీలోని అరెజ్జో పాత్రల పెంకులు అక్కడ దొరికినవి. వాటి కాలం తెలిసినదే గనుక, వాటితో కలిసి దొరికిన చుక్కల వరుసల పళ్ళేలకూ కాలం కట్టారు. అటువంటి పళ్ళేలే బ్రహ్మగిరిలో పై పొరలో దొరికినవి. రాతిగొడ్డళ్ళవారిది అడుగు పొర, పెద్దరాళ్ళ సమాధులవారిది నడిమి పొర, పై పొరకు ఆయన పెట్టిన పేరు 'ఆంధ్ర'.

ఈ పేరు వినగానే మన గుండె పొంగుతుంది. కాని ఒక్కమాట. పురాణాలు శాతవాహనులను ఆంధ్రులన్నవి గనుక ఆయన ఆ పేరు పెట్టారు. ఆ పళ్ళేలలో తిన్నవారు ఏ భాష మాట్లాడారో పెంకు చెప్పదు. ఆయన కట్టిన కాలమూ మారింది. 1989-92 నడుమ మరల జరిగిన త్రవ్వకాలలో, అరికమేడు రోమను సరకు రాకమునుపే ఉన్న ఊరని తేలింది. ఆ చుక్కల పళ్ళేలు మన దేశపు మట్టివే. ఆయన నేర్పిన పద్ధతే ఆయన లెక్కను దిద్దింది. గురువుకు ఇంతకంటె గౌరవమేమున్నది?

1952లో 'సర్' బిరుదు పొందిన వీలర్ 1976లో మరణించారు.

పాఠకులకొక మనవి. మీ పొలంలో బావి త్రవ్వేటప్పుడో, ఇంటి పునాది తీసేటప్పుడో పాత పెంకులు పడితే పారవేయకండి. ఎంత లోతున దొరికినవో వ్రాసిపెట్టి, పురావస్తుశాఖవారికి కబురు చేయండి. లోతు తెలియని పెంకు తేదీ లేని ఉత్తరం వంటిది.