బొగ్గుపులుసు వాయువునకు భూగర్భమున చోటెక్కడ?

థర్మల్ విద్యుత్కేంద్రముల పొగగొట్టములనుండి వెలువడు బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, ఆకాశమునకు విడువక పట్టి, వేలాది సంవత్సరములు పైకి రాకుండ భూగర్భమున నిలువచేయవలెనని నేడు పలుదేశములు యత్నించుచున్నవి. నార్వేవారు 1996లోనే ఉత్తర సముద్రమునందలి స్లైప్నర్ క్షేత్రమున, సముద్రతలము క్రింది ఇసుకరాతిలోనికి ఏటా సుమారు పదిలక్షల టన్నుల చొప్పున ఎక్కింప మొదలిడిరి. కడప జిల్లాలో రాయలసీమ థర్మల్ కేంద్రమున్నది గదా, దాని వాయువును మన సీమలోనే పాతిపెట్టరాదా యని తిరుచానూరు రైతెవరైన అడిగినచో, ఆయన బోరుబావియే సమాధానము చెప్పును. ఇచ్చట నీరు గ్రానైటు పగుళ్లలో మాత్రమే దాగియుండుటచేత, పగులు తగిలిన నీరు, తగులకున్న రాతిపొడి. వాయువునకైనను ఆ పగుళ్లే గతి. అవి త్రాగునీటికి నెలవులు. తిరుమల ఘాటురోడ్డు ప్రక్కన ఆ గ్రానైటుపై నిలిచిన క్వార్ట్జైటు ఒకనాటి ఇసుకయే యైనను, నూరుకోట్ల యేండ్లకు మించిన కాలమున రేణువులు బిగిసి, సందులు పూడిపోయినవి.

కావలసినది సందులు గల ఇసుకరాయి, దానిపై వాయువును దాటనీయని దట్టమైన షేలు పొర, ఎనిమిదివందల మీటర్లకు తక్కువగాని లోతు. ముప్పదియొక్క డిగ్రీల వేడిమియు, డెబ్బదిమూడింతల వాతావరణపీడనమును దాటినపిదప ఆ వాయువు ద్రవమువలె చిక్కనై, స్వల్పస్థలమున ఇముడును.

ఈ లక్షణములు మన రాష్ట్రమున కృష్ణా–గోదావరి ద్రోణియందు గోచరించును. సహజవాయువు యుగయుగములుగా అచ్చట నిలిచియుండుటయే పైకప్పు గట్టిదనుటకు సాక్ష్యము. అయితే ఆ పైకప్పునకు చమురు బావులే రంధ్రములు. 1995లో కోనసీమ పాశర్లపూడిలో అదుపు తప్పిన బావి రెండు మాసములకు పైగా మండిన సంగతి అచ్చటివారు మరువలేదు. పాత బావులను ఒక్కొక్కటిగా పరీక్షింపక అచ్చట వాయువు నెక్కించుట సాహసమే యగును.

తెలంగాణమున ఆదిలాబాదు వైపు దక్కను బసాల్టు కలదు. 2012లో ఐస్లాండువారు అట్టి నల్లరాతిలోనికి నీటితో కలిపి ఎక్కించిన వాయువులో నూటికి తొంబదియైదు పాళ్లు రెండేండ్లలోపుననే ఖనిజమై రాతిలో కలిసిపోయినది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దక్కను శిలలను ఈ దృష్టితోనే పరిశీలించినది. కాని ఐస్లాండు పద్ధతికి టన్ను వాయువునకు సుమారు ఇరువదియైదు టన్నుల నీరు కావలెను. వేసవిలో త్రాగునీటికే వెదకుకొను ఊళ్లకు ఇది చిన్నమాట కాదు.

రాయలసీమ వాయువు తీరమునకు చేరవలెనన్న వందల కిలోమీటర్ల గొట్టపుమార్గము వేయవలసియుండును. ఆ వ్యయమును లెక్కింపక విద్యుత్కేంద్రమున వాయువును పట్టు యంత్రములను మాత్రము నెలకొల్పుట వృథా.