పర్యాటకానికి గుండ్లకమ్మ దారి

శని, ఆదివారాలు వచ్చాయంటే చీరాల పక్కనున్న వాడరేవు, రామాపురం తీరాలకు గుంటూరు, విజయవాడ, హైదరాబాదు నుంచి కార్లు బారులు తీరతాయి. కార్తీక మాసంలో అయితే ఇసుక కనపడనంత జనం. పొద్దున వచ్చినవాళ్లలో చాలామంది సాయంత్రానికి తిరుగుముఖం పడతారు. తిండీ తాగుడూ వెంటే తెచ్చుకుంటారు, సీసాలూ ప్లాస్టిక్ గ్లాసులూ ఇక్కడే వదిలిపోతారు. ఈతకు దిగిన కుర్రవాళ్లు మునిగిపోవడం, పోలీసులు కొన్నాళ్లు తీరం మూసెయ్యడం, మళ్లీ తెరవడం ఈ ప్రాంతంలో పరిపాటి అయింది. లెక్కల్లో మాత్రం ఆ వచ్చిన తలలన్నీ పర్యాటకుల సంఖ్యలోకే ఎక్కుతాయి, సంఖ్య పెరిగితే పర్యాటకం పెరిగినట్టే చెప్పుకుంటారు. కానీ ఊరికి మేలు జరిగిందా లేదా అన్నది తలల లెక్క చెప్పదు. వచ్చినవారు ఎన్ని రాత్రులు ఉన్నారు, ఖర్చుపెట్టిన రూపాయిలో ఊళ్లో ఎంత మిగిలింది, వాడిన నీళ్లు ఎవరి వాటాలోవి, మిగిల్చిన చెత్త ఎవరెత్తారు అన్నవి అడగాలి. సుస్థిర పర్యాటకం అనే పెద్దమాటకు ఈ ప్రశ్నలే అర్థం.

ఇప్పుడే ఇవి అడగాల్సిన అవసరం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద సుమారు 97 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. డబ్బు రావడం మంచిదే. అది ఏ ఆలోచన వెంట నడుస్తుందన్నదే ప్రశ్న. మన దగ్గర పర్యాటక ప్రణాళిక అంటే ఒక చోటును ఎంచుకుని, అక్కడ కట్టడాలు కట్టి, జనాన్ని రప్పించడం. ఆ పద్ధతిలో ఒక్క చోట జనం కిక్కిరిసిపోతారు, పక్కనున్న పది చోట్లు ఎండిపోతాయి. ఒంగోలు ప్రాంతానికి ఇంతకంటే మంచి దారి ఒకటుంది. అది గుండ్లకమ్మ దారి.

నల్లమల అడవిలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన ఈ ఏరు కంభం చెరువును నింపి, మార్కాపురం ప్రాంతం మీదుగా చందవరం బౌద్ధ స్తూపం ఉన్న గుట్టను ఒరుసుకుని, అద్దంకిని దాటి, మల్లవరం జలాశయంలో ఆగి, ఒంగోలుకు ఉత్తరంగా బంగాళాఖాతంలో కలుస్తుంది. పులులు తిరిగే అడవి, విజయనగర కాలపు చెరువు, శాతవాహనుల నాటి స్తూపం, రెడ్డిరాజుల తొలి రాజధాని, చివరికి సముద్రం అన్నీ ఒకే నీటి వెంట ఉన్నాయి. గుండ్లకమ్మకూ ఇక్కడి మూసీ ఏటికీ నడుమ ఉన్న నేలే ఒంగోలు గిత్తల పుట్టిల్లు. ఆ జాతి పశువులు బ్రెజిల్ చేరి అక్కడి మాంస పరిశ్రమకు వెన్నెముకగా నిలిచాయి. ఇన్ని ఉన్నా ఇది ఒక దారిగా ఎవరి పటంలోనూ లేదు, ఎందుకంటే ప్రణాళికలు జిల్లాలవారీగా తయారవుతాయి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశం జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో దాన్ని విడదీసినప్పుడు చీరాల, అద్దంకి బాపట్ల వైపు పోయాయి. పాలన కోసం గీసిన గీత పాలనకు సరిపోతుంది. ఏటికీ, యాత్రికుడికీ ఆ గీతతో పనిలేదు.

ఈ దారిలో చందవరం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. దొనకొండ మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఈ స్తూపాన్ని 1964లో పురావస్తు శాస్త్రవేత్త వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గుర్తించారు. తవ్వకాల్లో సున్నపురాతి శిల్పాలు బయటపడ్డాయి. ఆ తర్వాత అక్కడికి జనం రాలేదు, దొంగలు వచ్చారు. ఇక్కడి నుంచి తస్కరించిన ఒక శిల్పఫలకం చేతులు మారి ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ చిత్రశాలకు చేరింది. అది దొంగసొత్తని తేలాక 2016లో ఆ దేశం భారత్‌కు తిరిగి అప్పగించింది. పర్యాటకం అంటేనే వారసత్వానికి చేటు అనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. చందవరానికి నష్టం జరిగింది జనం ఎక్కువై కాదు. ఆ రాళ్లు తమవని కాపలా కాసే మనుషులు, వాటివల్ల బతికే కుటుంబాలు ఆ చుట్టుపక్కల లేకపోవడం వల్ల జరిగింది. రోజుకు నలభై మంది వచ్చి, ఊళ్లో భోజనం చేసి, ఊరి కుర్రాడి నోట స్తూపం కథ విని వెళితే, ఆ శిల్పాలకు అంతకంటే నమ్మకమైన కాపలా ఉండదు.

నలభై మంది కూడా ఎవరొస్తారు అంటారు కొందరు. అమరావతి, నాగార్జునకొండ ఉండగా చందవరానికి ఎవరు తిరిగి చూస్తారన్నది వాళ్ల సందేహం. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. పేరులేని చోటుకు జనాన్ని కొత్తగా రప్పించడం నిజంగానే కష్టం, ఖర్చు. అయితే ఇక్కడ కొత్తవాళ్లను వెతకనక్కర్లేదు. గుంటూరు, వినుకొండ వైపు నుంచి శ్రీశైలం వెళ్లే భక్తులు త్రిపురాంతకం, దోర్నాల మీదుగానే పోతారు. గుంటూరు-నంద్యాల రైలుమార్గం మీద దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం స్టేషన్లు వరసగా ఉన్నాయి. ఒంగోలు పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఏటా ఈ నేల మీదుగా ప్రయాణించేవాళ్లలో కొద్దిమందిని ఒక్క రాత్రి ఆపగలిగితే చాలు. ఒక్క రాత్రి ఆగిన మనిషి రెండు పూటలు తింటాడు, ఆటో ఎక్కుతాడు, ఏదో ఒకటి కొంటాడు. గంటసేపు ఆగి పోయే పదిమందికంటే ఆ ఒక్కరే ఊరికి మేలు.

అంతకంటే బలమైన అభ్యంతరం నీళ్లది. పశ్చిమ ప్రకాశంలో తాగునీటికే కటకట, దొరికే నీళ్లలో ఫ్లోరైడు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు కోసం ఆ పల్లెలు దశాబ్దాలుగా ఎదురుచూశాయి. ఒంగోలు పట్టణానికే సాగర్ కుడి కాలువ నీళ్లు తెచ్చి వేసవి చెరువుల్లో నిలవ చేసుకోవాలి. అలాంటి చోట స్నానపు తొట్లు, ఈతకొలనులు ఉన్న హోటళ్లు కట్టడం అన్యాయం. ఈ అభ్యంతరం పూర్తిగా న్యాయమైనది, కాబట్టి ప్రణాళిక దానితోనే మొదలవ్వాలి. ఎన్ని గదులు కట్టవచ్చో భూమి ధర చూసి నిర్ణయించకూడదు, మే నెలలో ఆ ఊరికి మిగిలే నీళ్లు చూసి నిర్ణయించాలి. వేసవిలో నలభై అయిదు డిగ్రీలు తాకే ప్రాంతానికి ఎలాగూ యాత్రికులు వచ్చేది కార్తీకం నుంచి మాఘం దాకానే. నీటికి కొలత కట్టడం ఈ నేలకు కొత్త కూడా కాదు. రెండు కొండల నడుమ కట్ట వేసి కట్టిన కంభం చెరువు కొన్ని వందల ఏళ్లుగా సేద్యానికి నీళ్లిస్తోంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ సంఘం దాన్ని వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. చూడవలసినవాటిలో ఈ ప్రాంతం గర్వంగా ముందు నిలబెట్టుకోవలసింది ఆ చెరువే.

పర్యాటకం వస్తే రైతు కష్టాలు తీరతాయని కొందరు నాయకులు చెబుతుంటారు. ఆ మాట ఈ ప్రాంతానికి అంతగా పొసగదు. పత్తి తీతలు, ఆ వెంటనే మిరప కోతలు, కళ్లాల్లో కాయ ఎండబెట్టడం అన్నీ చలికాలంలోనే. కూలి దొరకని రోజులవే. యాత్రికుల కాలమూ అదే. కాబట్టి పొలం వదిలి హోటల్లో పనికి పొమ్మనే పథకం ఇక్కడ రెంటికీ చేటు. కుదిరేది మరొకటుంది. పొలంలో పండినదే యాత్రికుడి విస్తట్లోకి చేరాలి. కేరళలో 2008లో కుమరకంలో బాధ్యతాయుత పర్యాటకం మొదలుపెట్టినప్పుడు చేసింది ఇదే. కుటుంబశ్రీ మహిళా సంఘాలు పండించిన కూరగాయలను అక్కడి హోటళ్లు కొనేలా ఏర్పాటు చేశారు. పర్యాటకుడి రూపాయి ఊరు దాటకుండా ఆగింది. మన డ్వాక్రా సంఘాలకు ఆ శక్తి లేదని ఎవరూ అనలేరు. చీరాల కుప్పడం చీరలు, మార్కాపురం పలకలు, గుంటూరు మిరప అన్నీ యాత్రికుడి చేతి సంచిలో పట్టేవే. తెలంగాణలో పోచంపల్లి నేత గ్రామాన్ని 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. నేతకు పేరుమోసిన చీరాల, జాండ్రపేట ఆ వరసలో నిలవలేవా? వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం, 1921 నాటి చీరాల-పేరాల ఉద్యమం నడిచిన వీధులు అక్కడికి కూతవేటు దూరం.

పెద్ద పెట్టుబడి రాకుండా ఈ చిన్నచిన్న పనులతో ఏం సాధిస్తారు అన్నది మిగిలిన వాదన. తీరంలో పెద్ద రిసార్టులు రోడ్లు తెస్తాయి, పన్ను కడతాయి, కొన్ని ఉద్యోగాలిస్తాయి. అది నిజం. వాటిని వద్దనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ మన అనుభవంలో కట్టడం దగ్గర ఏనాడూ ఇబ్బంది రాలేదు, నిలబెట్టుకోవడం దగ్గరే వచ్చింది. విశాఖ రుషికొండ తీరానికి 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు దక్కింది. శుభ్రత, నిర్వహణ సరిగా లేక 2025 మొదట్లో దాన్ని తాత్కాలికంగా తీసేశారు, సరిదిద్దాకే తిరిగి వచ్చింది. గుండ్లకమ్మ మీదే చూడండి. మల్లవరం జలాశయం గేటు ఒకటి 2022లో, మరొకటి 2023లో కొట్టుకుపోయాయి. నిలవ చేసిన నీళ్లు సముద్రం పాలయ్యాయి. గేట్లకు సకాలంలో మరమ్మతు చేయించుకోలేని చోట పడవ షికారు ప్రకటించి ఏం లాభం? అందుకే మంజూరయ్యే ప్రతి కోటిలోనూ మొదటి అయిదేళ్ల నిర్వహణకు కొంత విడిగా పెట్టాలి. దాని లెక్క ఏటా గ్రామసభలో చదవాలి. చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికులు, తీరంలో ప్రాణాలు కాపాడే గజఈతగాళ్లు పర్యాటక ప్రణాళికలో మొదటి పేజీలో ఉండవలసినవాళ్లు. గజఈతగాడి పనికి మత్స్యకార పల్లెల యువకులకంటే తగినవాళ్లు ఎవరు? తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే నెలల్లో రాత్రిపూట తీరం వెంట దీపాలు తగ్గించడం కూడా ఖర్చులేని నియమమే.

బయటినుంచి వచ్చేవాళ్లకు నియమం, భరోసా రెండూ ఇవ్వడం ఈ తీరానికి తెలుసు. మోటుపల్లి రేవులో 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం, ఓడ దెబ్బతిని ఒడ్డుకు చేరిన వర్తకుల సరుకు లాక్కోబోమని మాట ఇచ్చి, కట్టవలసిన సుంకం ఎంతో ముందే చెప్పింది. ఆ స్పష్టత ఇప్పుడూ కావాలి. ఏ ఊళ్లో ఎన్ని గదులు, ఎంత నీరు, ఏ రుసుము, అందులో పంచాయతీ వాటా ఎంత అన్నది ముందే రాసి పెడితే, యాత్రికుడికీ పెట్టుబడిదారుడికీ ఊరికీ గొడవ ఉండదు. జిల్లా పర్యాటక మండళ్లకు అధ్యక్షులు కలెక్టర్లే. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న జిల్లాల కలెక్టర్లు, అటవీ, పురావస్తు, నీటిపారుదల శాఖలవాళ్లు, ఒడ్డు పంచాయతీల సర్పంచులు ఒక్కచోట కూర్చుని ఏటి దారికి ఉమ్మడి ప్రణాళిక రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. సూర్యలంకలో పనులు సాగుతుండగానే ఆ సమావేశం జరగాలి. ఒంగోలు ప్రజలు, ఇక్కడి పత్రికలు, ఎన్నికైన ప్రతినిధులు దాన్ని పట్టుబట్టి అడగాలి.