సర్కారు సొమ్ము, సాగుచేయు చేయి

పట్టిసీమ పేరు వినగానే గోదావరి నడుమ కొండపై వెలసిన వీరభద్రస్వామియు, శివరాత్రి తీర్థమును మనకు స్ఫురించును. 2015వ సంవత్సరమునుండి ఆ పేరుతో మఱియొక సంగతియు చేరినది. ఆ యొడ్డున నిలిపిన 24 పంపులు గోదావరి నీటిని ఎత్తి, కాలువ వెంట కృష్ణా డెల్టాకు పంపుటకై యేర్పడినవి. ప్రభుత్వమువారు రైతునకు నీరిచ్చుట మనకు క్రొత్త గాదు; ధవళేశ్వరము ఆనకట్ట 1852లోనే పూర్తియైనది. ఇటీవలి క్రొత్త యేమనగా, నీటితోపాటు రొక్కమును గూడ నిచ్చుచున్నారు.

ఈ రెంటికిని భేదమొకటి కలదు. నీరు పల్ల మెఱుగును. దున్నువాడు యజమానియైనను, కౌలుదారైనను మడి తడియును. రొక్కము మాత్రము కాగితమును జూచి వచ్చును.

కేంద్ర ప్రభుత్వమువారు 2019లో ఆరంభించిన పి.యం. కిసాన్ పథకము క్రింద భూమిగల రైతుకుటుంబమునకు ఏటికి 6,000 రూపాయలు మూడు వాయిదాలుగా బ్యాంకు ఖాతాలో పడును. భార్యయు, భర్తయు, మైనరు బిడ్డలును కలిసి యొక కుటుంబముగా నెంచబడుదురు. ఆంధ్ర ప్రభుత్వమువారు 2025 ఆగస్టు 2వ తేదీన మొదలిడిన అన్నదాత సుఖీభవ, ఆ ఆరువేలతో కలిపి ఏటికి 20,000 రూపాయలని నిర్ణయించినది. అయితే కేంద్రపు సొమ్ములో కౌలుదారునకు పాలు లేదు.

పొరుగున తెలంగాణమున 2018లో వచ్చిన రైతుబంధు, ఎకరమునకింత యని లెక్కగట్టి యిచ్చినది. పది యెకరములవానికి ఎకరమువానికన్న పదిరెట్లు ముట్టినది. కౌలుదారున కేమియు ముట్టలేదు. ఐరోపా ఖండమునగూడ హెక్టారుల లెక్కన నిచ్చు సాయములో పెద్దపాలు పెద్ద కమతములకే పోవుచున్నదను విమర్శ చిరకాలముగా కలదు.

మన గోదావరి సీమలో నిది చిన్న సంగతి కాదు. ఇచ్చటి వరిచేలలో చాల భాగము కౌలుసేద్యమే. కౌలు బస్తాల లెక్కన ముందే కుదురును. వరద వచ్చినను, తుపానులో పనలు మునిగినను దెబ్బ మొదట కౌలుదారు నింటిమీదనే పడును. ఎరువుల అప్పు తీర్చుటకు ఆ యిల్లాలి చెవికమ్మలు తాకట్టుకు పోవును. సర్కారు సొమ్ము మాత్రము పట్టణములోనున్న భూస్వామి ఖాతాలో జేరును.

సోదరీమణులారా! ఆ భూస్వామి యెవరో పరాయివారని తలపవలదు. పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన రెండెకరములు మనలో ననేకుల పేరిట కలవు. అట్టి భూమిని కౌలున కిచ్చినచో మనమే ఆ భూస్వాములము. 2019లో మన రాష్ట్రమున చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము, యజమాని సంతకముతో కౌలుదారునకు 11 నెలల హక్కుపత్రము నిచ్చు నేర్పాటు చేసినది. బ్యాంకు అప్పునకును, పంటల బీమాకును, నష్టపరిహారమునకును ఆ పత్రమే యాధారము. సంతకము చేసినచో భూమి పోవునని కొందఱు భయపడుదురు. అది నిరాధారము, ఆ పత్రము పంటపై హక్కే కాని భూమిపై హక్కు కాదు.

ఇక భూమి భర్త పేరిట నున్న యిల్లాండ్రు చేయవలసినదియు కలదు. పట్టాదారు పాసుపుస్తక మెచ్చట నున్నదో, సొమ్ము ఏ ఖాతాలో పడుచున్నదో, ఊరి రైతు సేవా కేంద్రమున పంట యెవరి పేర నమోదైనదో తెలిసికొనుడు. భర్త గతించినచో ఆ సొమ్ము తనంత భార్యకు రాదు. వారసుల పేరిట భూమిని మార్పించుకొనవలయును. ఉమ్మడి యాస్తిలో కూతునకు కొడుకుతో సమానభాగమును హిందూ వారసత్వ చట్టమునకు 2005లో చేసిన సవరణ దేశమంతట కలిగించినది. ఆ భాగము మాటగా మిగులక దస్తావేజులోని కెక్కవలెను.

సర్కారు సొమ్ము చెమటను గాక కాగితమునే గుర్తించును. కావున చెమటోడ్చినవారి పేరు కాగితమున నుండునట్లు చూచుట మన మన యిండ్లనుండియే మొదలు కావలయును.