కెరటమును కాగితముపై నిలుపుట

సముద్రమును చిత్రింపబూనిన సోదరీమణులలో ననేకులు ముందుగా తెల్లరంగునే తీయుదురు. నేనును అట్లే చేసితిని.

మా అత్తగారు భీమునిపట్నమున పుట్టినవారు. మోకాళ్ల నొప్పులచే నిప్పుడు ప్రయాణము చేయజాలరు. ఆమె గదిలో నుంచుటకై, తొట్లకొండ దిగువను మంగమారిపేట యొద్ద ఱాళ్లపై విఱుగు కెరటమును నీటిరంగులతో వ్రాసి తెచ్చితిని. ఆమె కండ్లద్దములు సవరించుకొని చూచి, "అమ్మాయీ, రాళ్ల మీద దూది ఆరబోశావేమిటి?" అనిరి. మనసు చివుక్కుమన్నది. "ఏ వేళప్పుడు చూశావు?" అని మరల నడిగిరి. ఉదయమే నంటిని. "పొద్దున్న సూర్యుడు నీళ్ల వెనకాల ఉంటాడు గదా! కెరటం ముఖం నీడలో ఉంటుంది."

కుంచె పట్టి యెఱుగని యామె చెప్పినదే సత్యము. మనది తూర్పు తీరము. ఉదయమున వెలుగు కెరటము వెనుకనుండి వచ్చును. పలుచని శిఖరమునుండి యది దూరి గాజుపచ్చగా మెఱయును. క్రిందిభాగము చిక్కని నీలము. మనవైపు నురుగు బూడిదనీలమే కాని తెలుపు కాదు. అంచు మాత్రమే ధగధగలాడును. మధ్యాహ్నము దాటి సూర్యుడు కొండలవైపు మఱలినపిదప గాని నురుగు ముఖము తెల్లబడదు.

మరల పోయితిని. ఈసారి అరగంటసేపు కుంచె తీయక చూచుచు గూర్చుంటిని. కెరటము నిలువదు, నిజమే. కాని నీటిలోతు తగ్గి యించుమించు కెరటపు టెత్తునకు వచ్చినచోట నది విఱుగును. అడుగునేల మాఱదు గనుక, ఇంచుమించు నొకే యెత్తు కెరటములు ఆ ఱాతియొద్దనే, ఆ రూపముననే మరల మరల విఱుగుచుండును. పదింటిని చూచి యొకదానిని వ్రాయవచ్చును. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1886లో బెల్ ఈల్ ద్వీపమున రెండు నెలలకు పైగా నుండి, వెలుగు మాఱినప్పుడెల్ల నొక చిత్రమును విడిచి వేఱొకటి యందుకొనుచు, సుమారు 40 చిత్రములు వ్రాసెను. మనకు వంటయింటి నడుమ రెండు నెలలెక్కడివి!

తెల్లరంగును పెట్టెలోనే యుంచితిని. మెఱయు నంచునకు కాగితపు తెలుపునే వదలి, దాని ప్రక్కను తడిసిన ఱాతిని ముదురు గోధుమవన్నెతో దిద్దితిని. ఆ నలుపు చెంతనే యంచు వెలిగినది. పొడిఱాయి లేతగాను, తడిఱాయి ముదురుగాను ఉండవలెను. (తడిసిన ఱాతిపై మాత్రము కూర్చుండకుడు, కెరట మచ్చటికి మరల వచ్చును.)

అత్తగారు చాలసేపు చూచిరి. "ఈ రాతి మొదట్లో నాచు ఉంటుందే, ఏదీ?" అనిరి.

ఆ చిత్ర మిప్పుడు ఆమె మంచమున కెదురుగా నున్నది. నాచు వేసియే యిచ్చితిని.