వేటకు వెళ్ళేవారి వానకోటు

తూర్పు తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, మరబోట్లు సముద్రంలో వేటకు వెళ్ళరాదన్న నిబంధన ఉన్నది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. గడువు ముగిసి బోట్లు తిరిగి నీటిలోకి దిగేనాటికి నైరృతి ఋతుపవనాలు కోస్తాను తాకుతూ ఉంటాయి. కనుక మన మత్స్యకారునికి వేటా వానా దాదాపు ఒక్కసారే మొదలవుతాయి. నైరృతి వెనుకకు మళ్ళిన తరువాత కూడ తెరిపి లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు, వాటి వెంట వాయుగుండాలు. నెల్లూరు తీరానికి అసలు వానలు అప్పుడే. ఇంతకాలం తడుస్తూ చేసే వృత్తికి వల మీద, ఇంజను మీద పెట్టే శ్రద్ధలో పదోవంతైనా ఒంటి మీద కప్పుకొనే దానిపై పెట్టడం లేదన్నది మా అభిప్రాయం.

బజారులో రెయిన్‌కోటు అని అడిగితే దుకాణదారుడు చూపించేది చాలవరకు మోటారు సైకిలు మీద పోయేవారి కోసం కుట్టినది. అరగంట ప్రయాణానికి అది చాలు. వేటలో మనిషి అట్లా కదలకుండా కూర్చుండడు. వంగుతాడు, చేతులెత్తి వల లాగుతాడు, బోటు అంచుకు ఒరుసుకొంటాడు, ఉప్పునీటిలోను చేపల జిగురులోను డీజిలు మరకలలోను మోకాళ్ళూనుతాడు. ఆ పలుచని కోటు మొదట చంకలో, తరువాత మోచేతి దగ్గర చినిగిపోవడంలో వింత లేదు. మోకాళ్ళ కిందికి వేలాడే పొడుగు కోటు విషయంలో మరొక గట్టి అభ్యంతరం ఉన్నది. చిన్న ఫైబర్ బోట్లకు పొడవాటి ఇరుసు గల ఇంజన్లు బిగిస్తారు. పెద్ద బోట్లలో వల లాగే వించి తిరుగుతూ ఉంటుంది. తిరిగే ఇరుసు గుడ్డ అంచును పట్టుకొన్నదంటే ఇంజను ఆపే వ్యవధి మనిషికి దొరకదు. కనుక పొడుగు కోటును, భుజాల మీద వదులుగా కప్పుకొనే ప్లాస్టిక్ ముసుగును, ఎంత చవకగా వచ్చినా బోటు ఎక్కించరాదు.

మనది చలిదేశం కాదు గదా, తడిస్తే వచ్చే నష్టమేమిటని అడిగేవారున్నారు. ఒక గ్రాము నీరు ఒంటి మీద ఆవిరి కావడానికి సుమారు 580 కెలొరీల ఉష్ణం కావాలి. అందులో అధిక భాగం శరీరమే ఇచ్చుకోవాలి. తడిసిన చొక్కా మీద గాలి వీస్తున్నంతసేపు ఈ వ్యయం ఆగదు. అందుచేత 25 డిగ్రీల రాత్రి ఒడ్డున పడుకొన్నవానికి హాయిగా ఉంటే, అదే రాత్రి సముద్రం మీద తడిసి గాలికి నిలిచిన కలాసీకి పండ్లు కొట్టుకొంటాయి. వణుకు కంటె వేళ్ళు మొద్దుబారడం ప్రమాదకరం. పట్టుకొన్న తాడు జారుతుంది, ముడి బిగియదు, చేపను కోసే కత్తి తప్పుతుంది. ఒడ్డుకు దూరంగా రాత్రివేళ జరిగే ఇటువంటి పొరపాటును సరిదిద్దుకొనే అవకాశం తక్కువ.

ఇందులోనే మరొక సంగతి తేలుతున్నది. వానకోటు చేసే పనిలో నీటిని ఆపడం ఎంతో, గాలిని ఆపడమూ అంతే. లోపల చెమటతో కొంత తడిసినా, ఆ తడికి గాలి తగలకపోతే ఒంటి వేడి నిలుస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకొంటే దుకాణంలో చాలా డబ్బు మిగులుతుంది.

మన పెద్దలకు తాటాకు గిడుగు ఉండేది, గొంగళి ఉండేది, గోనెసంచి ఒక మూలను రెండవ మూలలోకి మడిచి తలపై వేసుకొనే కొప్పెర ఉండేది. వరినాట్లు వేసేవారికి గిడుగును మించినది లేదు, వీపంతా కప్పి కింద గాలి ఆడనిస్తుంది. కాని సముద్రపు గాలికి అది నిలువదు. గొంగళి తడిసినా వెచ్చగానే ఉంటుంది గాని నీరు పీల్చి మోయరాని బరువవుతుంది. చలిసముద్రాల వారు వేరొక దారి పట్టారు. నార్వే దేశపు నావికుడు హెల్లీ యుయెల్ హాన్సెన్ 1877లో ముతక నారబట్టకు అవిసెనూనె పట్టించి కోట్లు కుట్టించే పని ఆరంభించాడు. అంతకు ముందే, 1823లో, స్కాట్లండు రసాయనవేత్త చార్లెస్ మాకింటాష్ రెండు బట్టల నడుమ రబ్బరు పూత పెట్టి అతికించే పద్ధతికి పేటెంటు పొందాడు. నూనె గుడ్డకు కంపు, జిగట, పైగా నిప్పు భయం కూడ. అవిసెనూనె పీల్చిన గుడ్డలు కుప్పగా పడి ఉంటే తమంత తామే వేడెక్కి అంటుకొంటాయి. మాకింటాష్ రబ్బరు చలికి బిరుసెక్కేది, ఎండకు జిగురయ్యేది. గుడ్డకు పి.వి.సి. పూత వేయడం వచ్చిన తరువాత ఈ రెంటికీ పని తగ్గింది.

గుడ్డకు పి.వి.సి. పూత వేసినది ఒక రకం, ఒట్టి పి.వి.సి. రేకు ఒక రకం. చూపుకు రెండూ ఒకటిగానే ఉంటాయి, ధరలో మాత్రం తేడా ఉంటుంది. కోటును తిరగవేసి చూడండి. లోపల అల్లిన గుడ్డ కనిపిస్తే అది మొదటి రకం, కొనదగినది. రెండు వైపులా నున్నగా ఉంటే ఒట్టి రేకు. దానికి ఎక్కడ చిన్న గాటు పడినా ఆ గాటు పరుగెత్తుతుంది. మూడవ రకం నైలాను గుడ్డకు లోపల పాలియురెథేన్ పూత పూసినది. ఇది తేలిక, మడిస్తే సంచిలో ఇముడుతుంది. కాని వేడిలో, తేమలో తడిగా మడిచి ఉంచితే ఆ పూత ఏడాది రెండేళ్ళలో జిగటగా మారి పొరలుగా రాలవచ్చు. మన తీరంలో వేడికీ తేమకూ కొదువ లేదు గనుక చెరువుగట్టున గాలం వేసుకొనేవారికి, చిన్న ప్రయాణాలవారికి ఇది చాలునేమో గాని రోజూ వేటకు పోయేవారికి మేము సిఫారసు చేయము.

ఇక నీటిని రానీయక చెమట ఆవిరిని మాత్రం బయటికి పంపుతుందని చెప్పే ఖరీదైన కోట్ల సంగతి. అబద్ధం కాదు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్క ఊపున సాగదీసి, నీటిబొట్టు దూరలేనంత, ఆవిరి దూరగలిగినంత సూక్ష్మ రంధ్రాల పొరను సాధించాడు. అయితే ఆవిరి ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. చలిదేశపు కొండమీద లోపల ఆవిరి ఎక్కువ, బయట తక్కువ. పొర చక్కగా పనిచేస్తుంది. జూలైలో కాకినాడ ముందు సముద్రం మీద బయటి గాలే వెచ్చగా, తేమతో నిండి ఉంటే చెమట ఎక్కడికి పోవాలి? పైగా ఉప్పూ చేపనూనే కలిసి ఆ పొరను పాడు చేస్తాయి. ఎన్నో రెట్లు ధర పెట్టి కొన్న గుణం ఇక్కడ కొంచెమే దక్కుతుంది. అంతకంటె కోటు వీపున వలగుడ్డతో గాలి సందు, చంకలలో రెండేసి కన్నాలు ఉంటే మేలు. లోపల నూలు బనీను బదులు త్వరగా ఆరే పలుచని పాలియెస్టరు చొక్కా వేసుకొంటే ఇంకా మేలు.

కోటు నడుము కిందికి వచ్చి ఆగాలి. పంట్లాము ఛాతీ వరకు వచ్చి భుజాల మీద పట్టీలతో నిలిచేదైతే వంగినప్పుడు వీపు తడియదు. గుడ్డ ఎంత గట్టిదైనా నీరు దూరేది కుట్టు వద్దనే, సూది గుచ్చిన ప్రతి రంధ్రమూ ఒక దారి. వేడితో కరిగించి అతికించిన అతుకులున్న కోటు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే కొనవలె. లేదా కుట్టు మీద లోపలి వైపు పట్టీ అతికి ఉన్నదేమో చూడవలె. ఇనుప జిప్పు ఒక వానకాలంలో ఉప్పుకు బిగుసుకుపోతుంది. ప్లాస్టిక్ జిప్పు, దాని మీద టిచ్ బటన్లతో మూసే గుడ్డ మడత ఉండాలి. చేతులెత్తి వల లాగేటప్పుడు నీరు ముంజేతి మీదుగా మోచేతికి, అక్కడి నుంచి చంకకు పారుతుంది. అందుకు లోపల ఇంకొక బిగుతైన మణికట్టు పట్టీ ఉన్న చేయి కావాలి. ఈ ఒక్క వసతి లేక మంచి కోట్లు కూడ లోపల తడుస్తాయి.

రంగు అందానికి సంబంధించినది కాదు. నీలం, బూడిద, ముదురు ఆకుపచ్చ రంగులు నీటిలో కలిసిపోతాయి. పసుపు గాని నారింజ గాని కట్టుకొన్నవాడు నీటిలో పడితే తోటివారికి దూరం నుంచి కనిపిస్తాడు. ప్రాణరక్షక జాకెట్టును ఎప్పుడూ కోటు మీదనే కట్టుకోవాలి, లోపల కాదు. తుఫాను హెచ్చరిక ప్రసారమైన రోజున ఏ కోటూ పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు.

కొనేముందు దుకాణంలోనే తొడుక్కొని రెండు చేతులూ పైకెత్తండి, గొంతుకూర్చోండి. చంక, పిరుదు బిగిస్తే పెద్ద కొలత తీసుకోండి. కోటును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సూదిమొన వంటి కన్నాలు తెలిసిపోతాయి. ఇంటికి తెచ్చిన రోజునే చేతి కొసను గట్టిగా కట్టి, తిరగవేయకుండా ఆ చేతిలో చెంబెడు నీళ్ళు పోసి పావుగంట వేలాడదీయండి. కుట్టు వద్ద బయట చెమ్మ తేలితే మరునాడే తిరిగి ఇచ్చివేయవచ్చు.

ధర మాటకు వస్తే, మాటవరసకు 400 రూపాయల కోటు ఒక్క వానకాలం వచ్చి, 1,200 రూపాయల కోటు నాలుగు వానకాలాలు వస్తే, చవకదానికి ఏటికి 400, ఖరీదైనదానికి 300. కాని ఒక్కసారిగా 1,200 చేతిలో ఉండడమే కష్టం. అటువంటివారు జత మొత్తం కొనక మొదటి ఏడు కోటు, మరుసటి ఏడు పంట్లాము కొనుక్కోవడం ఒక ఉపాయం. ఒకే తయారీ, ఒకే రంగు వారివద్ద ఎప్పుడూ దొరికేదైతే, పిరుదుల వద్ద ముందుగా అరిగే పంట్లామును మాత్రమే మళ్ళీ కొనవచ్చు.

ఆ నాలుగేళ్ళు నిలవడం ఇంట్లో ఆడవారి చేతిలో ఎక్కువగా ఉన్నది. ఒడ్డుకు చేరగానే మంచినీటితో కడగాలి, ఎండిన ఉప్పు మడతలలో గరుకు కాగితం వలె ఒరుస్తుంది. నీడలో, మేకుకు తగిలించక లావు వెదురు మీద ఆరవేయాలి. ఎండ, డీజిలు, చేపనూనె మూడూ పి.వి.సి.లోని మెత్తదనాన్ని లాగివేస్తాయి, అప్పుడది అప్పడం వలె విరుగుతుంది. తారు మరక పోవడానికి కిరసనాయిలుతో రుద్దడం కూడ ఇందుకే తప్పు. చేపవాసన మిగిలిన కోటును ఎలుకలు విడువవు గనుక కడగని కోటు నిషేధకాలం రెండు నెలలు మూల పడి ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఆ రెండు నెలలలో వలలు బాగుచేసుకొనేటప్పుడే కోటునూ చూసుకోవాలి. సైకిలు ట్యూబు అతికే సొల్యూషను పి.వి.సి. మీద సరిగా పట్టదు, పి.వి.సి. కోసం విడిగా అమ్మే జిగురు తేవాలి. చిరుగు చుట్టూ ఉప్పు, జిడ్డు పోయేటట్లు కడిగి ఆరనిచ్చి, చిరుగు కంటె నాలుగు వైపులా రెండు వేళ్ళ వెడల్పు పెద్ద ముక్కను, మూలలు గుండ్రంగా కత్తిరించి లోపలి వైపు అతికి, ఒక రాత్రి బరువు కింద ఉంచాలి. ఆ ముక్క కోసం వెదకనక్కరలేదు. చేతులు చినిగి పారవేయబోయిన పాత కోటు వీపు భాగం సాధారణంగా చెడకుండానే ఉంటుంది.